చావని క్రిమి కోసం మిరప కల్లాల్లో నాలుగు రోజులు

గుంటూరు: తుమ్ములు

గుంటూరు మిర్చి యార్డులో నిలబడి, తుమ్మకుండా ఒక టెస్ట్‌ట్యూబు మూత తీయగల మనిషి ఎవరైనా ఉంటే నాకు ఒక కార్డు ముక్క రాయండి, వచ్చి దణ్ణం పెట్టుకుంటాను. నేను మూడు ట్యూబులు తీశాను. మూడింట్లోకీ తుమ్మాను. చుట్టూ వందల బస్తాలు, వాటి మధ్య హమాలీలు ముక్కుకు గుడ్డ కూడా లేకుండా బీడీ కాలుస్తూ నిక్షేపంగా తిరుగుతున్నారు. నేను ముఖానికి రెండు రుమాళ్ళు కట్టుకుని కూడా కళ్ళ నీళ్ళతో గోడ పట్టుకుని నిలబడ్డాను. ఒకాయన జాలిపడి గోలీ సోడా తెప్పించాడు. సోడా తాగాక ఇంకా నాలుగు తుమ్ములొచ్చాయి.

నేను హైదరాబాదులో ఒక మహిళా కళాశాలలో మైక్రోబయాలజీ చెబుతాను. పాఠాలు పోగా మిగిలిన టైములో నాలుగేళ్ళుగా పరిశోధన చేస్తున్నాను. మొన్న ఏప్రిల్లో, ఊరంతా తోకచుక్క కనపడుతుందా లేదా అని మేడలెక్కుతున్న రోజుల్లో, నేను ఒక చెక్కపెట్టె పట్టుకుని గుంటూరు రైలెక్కాను. పెట్టెలో అరవై ట్యూబులున్నాయి. అన్నీ ఓవెన్‌లో కాల్చి, దూది మూతలు బిగించి, కాగితం చుట్టినవి. నలభై తెరవడానికి, ఇరవై తెరవకుండా ఉంచడానికి. ఆ ఇరవై ట్యూబులు నాతో వచ్చి, నాతో తిరిగి, నాతో ఇంటికి చేరాలి. అంతకు మించి వాటికి ఉద్యోగం లేదు.

లాడ్జి మేనేజరు నా పెట్టెను తడిగుడ్డతో తుడిచి లోపల పెట్టించాడు. వద్దని అరిచేలోపే తుడిచేశాడు. ఆ తర్వాత, మిరపకాయల వ్యాపారమా అని అడిగాడు.

"కాదండీ. అంతరిక్ష నౌకల మీద క్రిములు ఎలా బతుకుతాయో చూస్తున్నాను."

ఆయన రిజిస్టరు మూశాడు. "దానికీ గుంటూరుకీ ఏంటండీ సంబంధం?"

చెప్పాను. ఈ ముక్క నేను రైల్లో ఇద్దరికి, రిక్షాలో ఒకరికి అప్పటికే చెప్పి ఉన్నాను. మనం తయారుచేసే నౌక ఏదైనా మన చేతుల్లోంచే పోతుంది కాబట్టి మన క్రిముల్ని ఒంటినిండా పూసుకునే బయల్దేరుతుంది. చాలావరకు దారిలో చస్తాయి. కొన్ని మాత్రం ఒంటి చుట్టూ గట్టి పెంకు కట్టుకుని, నీళ్ళు లేకపోయినా, ఎండ మాడ్చినా, ఏళ్ళ తరబడి పడుకుని ఉంటాయి.

"అయితే పోయినచోట అంటిస్తామన్నమాట," అన్నాడు మేనేజరు.

"అంటిస్తాం. అంతకన్నా పెద్ద తంటా ఇంకోటుంది. అక్కడ ప్రాణం ఉందా అని వెతుకుతూ, మనం మోసుకెళ్ళినదాన్నే చూసి దొరికిందని పండగ చేసుకుంటాం. అందుకే అమెరికావాళ్ళు అంగారకుడి మీదికి పంపిన నౌకను పంపేముందు పెద్ద పొయ్యిలాంటి గదిలో పెట్టి గంటల తరబడి కాల్చారు."

"కాల్చాక పనిచేసిందా?"

"చేసింది."

"మా ఫ్యాన్లు కాల్చకుండానే పనిచెయ్యట్లేదండీ," అని తాళంచెవి ఇచ్చాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజమని గదిలోకి వెళ్ళాక తెలిసింది.

మేనేజరుకు చెప్పనిది మీకు చెప్పాలి. రెండేళ్ళ కిందట ఇదే జిల్లాలో ఒక మిరప కల్లంలో దుమ్ము తీసుకెళ్ళాను. నెలల తరబడి ఎండలో మాడిన దుమ్ము కదా, ఇందులో బతికినది నౌక మీద కూడా బతుకుతుందేమో చూద్దామని నా ఆశ. ఓవెన్‌లో పెడితే అన్నీ చచ్చాయి, పదిహేడో నంబరు ట్యూబులోది తప్ప. క్రిముల్ని పెంచే గాజుపళ్ళెంలో మీగడరంగు మచ్చలా, అంచులు ముడతలు పడి, దర్జాగా పెరిగింది. మా గైడుగారు నన్ను ఇంటికి పిలిచి భోజనం పెట్టారు. నా థీసిస్ నాలుగో అధ్యాయం మొత్తం దానిదే. నిజం చెప్పాలంటే థీసిస్ మొత్తం ఆ అధ్యాయమే.

పరీక్షకుడుగారు దాన్ని చదివి నాలుగు వాక్యాలు రాసి తిప్పి పంపారు. మొదటిది, ఏ ఊరు, ఏ కల్లం అని. చంద్రుడి మీద నుంచి తెచ్చిన కెమెరాలో బతికిన క్రిమి దొరికిందన్నప్పుడు, అది చంద్రుడి మీద బతికిందో, తెచ్చాక ఎవరి చేతినుంచైనా అంటిందో తేలక ఎంత గొడవైందో గుర్తు చేసుకోమన్నారు. అదే కల్లానికి వెళ్ళి, తెరవని ట్యూబులు కూడా వెంట పెట్టుకుని మళ్ళీ పట్టుకురమ్మన్నారు. తెరవనివాటిలో ఏమీ పెరగకపోతేనే తెరిచినవాటిలో పెరిగింది కల్లానిదని నమ్ముతారు. పట్టుకురాలేకపోతే నాలుగో అధ్యాయం తీసెయ్యాలి. నాలుగేళ్ళ చాకిరీ తీసి చెత్తబుట్టలో వెయ్యడమే. నేను ఎండల్లో ఊళ్ళు పట్టుకు తిరగడానికి కారణం ఇదీ.

ఊరి పేరు రాయను

ఊరి పేరు ఎందుకు రాయనో ముందుకు వెళితే మీకే తెలుస్తుంది. చిలకలూరిపేట దాటాక బస్సు దిగి కొంత నడవాలి, అంతవరకు చాలు. బస్సులో కండక్టరు పెట్టె పైన పడెయ్యమన్నాడు. ఒళ్ళో పెట్టుకుంటానన్నాను. పక్కనున్న పెద్దావిడ దానిమీద మోచెయ్యి ఆనించి దారంతా నిద్రపోయింది.

స్టాపులో ప్రభుదాసు మాస్టారు గొడుగు పట్టుకుని నిలబడ్డారు. ఆ ఊరి హైస్కూల్లో సైన్సు చెబుతారు. ఆదివారం చర్చిలో వాక్యం కూడా ఆయనే చదువుతారు. రెండేళ్ళ కిందట నన్ను కల్లాల మీద తిప్పింది ఆయనే. ఇంటికి తీసుకెళితే ఆయన భార్య రాహేలమ్మగారు అన్నం పెట్టారు. గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, ఎండురొయ్యల వేపుడు. మీకోసం కారం తగ్గించానన్నారు. తగ్గిస్తే ఇలా ఉందంటే తగ్గించకపోతే ఏమై ఉండేదోనని మూడు గ్లాసుల మజ్జిగ తాగుతూ ఆలోచించాను. హైదరాబాదులో మేము గోంగూర అని కొనుక్కునేది ఉత్త ఆకని మాత్రం ఒప్పుకోవాలి.

తిన్నాక కల్లానికి బయల్దేరాం. ఊరి బయట పొలాల మధ్య నేల చదును చేసి, మిరపకాయలు పరుస్తారు. కనుచూపు మేర ఎరుపే. రెండేళ్ళ కిందట నాకు పదిహేడో నంబరు దొరికింది సుబ్బమ్మగారి కల్లంలో. ఆవిడకు యాభై ఉంటాయి. గట్టి మనిషి, గట్టి గొంతు. ఈసారి మాత్రం కొంగు నెత్తిన కప్పుకుని మాట్లాడకుండా నిలబడింది.

కల్లం నిండా తడి. కాయలన్నీ ఒక పక్కకు లాగేసి, కనపడిన నేలంతా పేడనీళ్ళతో చిక్కగా కళ్ళాపి చల్లారు. నాకు కావాల్సింది నెలల ఎండ తిన్న పొడి దుమ్ము. అక్కడున్నది పొద్దున్నే వేసిన పేడ. అందులో కోటానుకోట్ల క్రిములు అప్పుడే నిద్రలేచి ఉంటాయి.

పక్క కల్లానికి వెళ్ళాం. అక్కడా కళ్ళాపి. మూడోదాంట్లో కళ్ళాపి చాలక వేపాకు పొగ కూడా. నాలుగోదాంట్లో బ్లీచింగ్ పౌడర్ ముగ్గులా చల్లారు. ఆ మధ్యాహ్నం ఏడు కల్లాలు తిరిగాను. ఏడూ పెళ్ళిపందిట్లా శుభ్రంగా ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ సుబ్బమ్మగారి కల్లం దగ్గరికి వచ్చి, నలుగురూ వింటుండగానే, "ఎవరు చల్లమన్నారండీ మిమ్మల్ని? నేను ఇంత దూరం వచ్చింది ఈ పేడ కోసమా? మొత్తం పాడుచేశారు" అన్నాను. ఆవిడ నేలకేసి చూస్తూ కాయలు సర్దుకుంది.

"పెద్దవాళ్ళొస్తున్నారని మర్యాద కొద్దీ చల్లుకునుంటారమ్మా," అన్నారు మాస్టారు మెల్లగా.

మర్యాదే అయ్యుంటుంది, మా అమ్మ కూడా చుట్టాలొస్తున్నారంటే వాకిలి రెండుసార్లు కడుగుతుంది. అయినా కోపం తగ్గలేదు. తడి నేలనుంచే పది ట్యూబులు తీసుకున్నాను, ఏమీ లేకుండా వెళ్ళడం కంటే నయమని.

చీమకుర్తి: రాయి మీద తువ్వాలు

రాళ్ళకు ఎవరూ కళ్ళాపి చల్లరు కదా అని మర్నాడు చీమకుర్తి బయల్దేరాను. మాస్టారు సెలవు పెట్టి తోడొచ్చారు. దారంతా రాతి దిమ్మెల లారీలు. ఒక్కో లారీ వెళ్ళాక మేము రంగు మారేవాళ్ళం.

క్వారీలో నల్లరాయి ఎండకు ఎంతగా కాలుతోందంటే చెప్పుల్లోంచి సెగ తగిలింది. ఇదీ చోటంటే అనుకున్నాను. ట్యూబు తీసి, పగుల్లో ఉన్న దుమ్ముకేసి వంగేసరికి మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. "దుమ్ముగా ఉందమ్మా, ఆగండి" అని భుజం మీది తువ్వాలుతో ఆ పగులంతా తుడిచి, మిగిలినదాన్ని నోటితో ఊది, ఇప్పుడు కూర్చోండి అన్నాడు. నేను మాస్టారి వైపు చూశాను. మాస్టారు ఆకాశం వైపు చూశారు.

తర్వాత మేస్త్రీని నా పక్కకు రానివ్వకుండా మాస్టారు మాటల్లో పెట్టారు. నేను పైకెక్కి పదకొండు ట్యూబులు నింపాను. అక్కడ సుత్తి పట్టుకుని కూర్చున్న కూలీ ఒకతను ఏం వెతుకుతున్నారని అడిగాడు. ఈ రాయి మీద ఏమైనా బతుకుతుందేమోనని అన్నాను. అతను అరచెయ్యి రాయికి ఆనించి తీసేసుకున్నాడు.

"ఈ రాయి మీదా? మేమే బతకలేకపోతన్నాం," అన్నాడు. నవ్వుతూ అన్నాడో మామూలుగా అన్నాడో నాకు తెలియలేదు. టీ మాత్రం అతనే ఇప్పించాడు, డబ్బులు తీసుకోలేదు.

వేటపాలెం: టీకాలు కాదు

మాస్టారి చెల్లెలు వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. కాయలు కాల్చే షెడ్డులో బూడిద ఉంటుంది, వేడికి మాడిన బూడిద, ప్రయత్నించండి అన్నారు మాస్టారు. ప్రయత్నించాను. నేను పెట్టెతో షెడ్డులోకి అడుగుపెట్టగానే, జీడి రసం అంటకుండా చేతులకు బూడిద పూసుకుని కాయలు కొడుతున్న ఆడవాళ్ళంతా లేచారు. కుళాయి దగ్గర చేతులు సబ్బుతో కడుక్కుని వరసగా నిలబడ్డారు. ముందున్నావిడ జబ్బ కూడా చూపించింది.

"టీకాలు కాదమ్మా," అన్నారు మాస్టారు.

"మరి పెట్టెలో ఏంది?" అందావిడ నమ్మకుండా.

కుళాయినీళ్ళు బూడిదలోకి పారాయి. నేను పెట్టె మూసేశాను. జీడిపప్పు బద్దలు అరకిలో కొనుక్కున్నాను. హైదరాబాదు ధరకు సగమే, ఈ యాత్రలో నాకు కలిసొచ్చింది అదొక్కటే.

అయితే ఒక సంగతి అప్పుడు తట్టింది. నేనెవరో తెలియని ఈ ఆడవాళ్ళు కూడా పెట్టె చూడగానే కడుక్కున్నారు. మర్యాదకు కాదు, టీకాల డాక్టరమ్మననుకుని. మరి మాస్టారి ఊళ్ళో నేనెవరినని అనుకున్నారు? చీరాల స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు మాస్టారిని అడిగాను.

"మాస్టారూ, మీ ఊళ్ళో నేనెందుకొస్తున్నానని చెప్పారు?"

ఆయన గొడుగు మడత సర్దుకున్నారు. "ఎనిమిదో తరగతిలో చెప్పానమ్మా. మన ఊరి కల్లంలో దొరికిన క్రిమి ఎంత వేడికీ చావదు, అంగారకుడి దాకా వెళ్ళినా బతుకుతుంది, దాన్ని చూడ్డానికే హైదరాబాదు నుంచి మేడంగారు వస్తున్నారు అని."

"ఇంకా?"

"ఆదివారం చర్చిలో కూడా చెప్పాను. గొప్ప సంగతి కదా."

మళ్ళీ అదే కల్లం

ఈసారి ఎవరికీ చెప్పకూడదని మాస్టారి చేత మాట తీసుకున్నాను. ఆయన్ను ఇంటి దగ్గరే వదిలేసి, నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం ఒక్కదాన్నే పెట్టె మోసుకుని కల్లానికి వెళ్ళాను. సుబ్బమ్మగారు గుడారం నీడలో కూర్చుని మచ్చలు పడిన తాలుకాయలు ఏరుతోంది. నన్ను చూసి లేచింది.

"చెప్పకుండా వచ్చావేందమ్మా?"

"చెబితే చల్లుతారుగా. ఎందుకు చల్లారో ఇప్పుడైనా చెప్పండి."

ఆవిడ చేతిలోని కాయలు చాటలో వేసింది. "నీకు తెలవదా? మా కల్లంలో చావని క్రిమి ఉందని మాస్టారు బళ్ళో చెప్పాడంట. పిల్లకాయలు ఇళ్ళకొచ్చి చెప్పారు. ఎంత వేయించినా చావదంట, కూరలో వేసినా చావదంట. ఆ మాట యార్డులో షావుకార్ల చెవిన పడితే ఈ ఊరి కాయ కొనేవాడెవడు? అందుకని అందరం కూడబలుక్కుని కడిగాం. నీకు కనపడకుండా పోవాలని కడిగాం."

ఆ క్రిమి తింటే ఎవరికీ ఏమీ కాదని, మట్టిలో ఉండే మామూలు రకమేనని చెప్పాను.

"నువ్వు చెప్తావమ్మా, షావుకారు వింటాడా?" అంది. "పత్తిని తెల్లదోమ తినేసింది. కట్టెలు పీకి పొయ్యిలో పెట్టుకున్నాం. ఈ ఏడు మాకు ఉన్నదల్లా ఈ కాయే. నువ్వు కాగితంలో మా ఊరి పేరు రాస్తే మేమేం కావాల?"

పరీక్షకుడుగారు అడిగింది మొదట అదే, ఏ ఊరు, ఏ కల్లం అని. ఊరి పేరు లేకుండా థీసిస్ ఎలా ఒప్పిస్తానో తెలియదు. అయినా ఆవిడ ముఖం చూస్తూ, రాయను అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

ఆవిడ చాట పక్కన పెట్టి, కల్లం తూర్పు మూలకు తీసుకెళ్ళింది. తాలుకాయలు పరిచే చోటు అది. అక్కడికి నేను రానని దాన్ని ఎవరూ కడగలేదు. నేల పొడిగా, తెల్లగా, బీటలు వారి ఉంది. "తీసుకో. మూడు నెలల్లో దానిమీద చుక్క నీళ్ళు పడలా," అంది. మిగిలిన ట్యూబులు పదహారూ అక్కడే నింపాను. తుమ్ము వచ్చింది కానీ పక్కకు తిరిగాను.

వెళ్ళేముందు ఆవిడ అడిగింది. "కనపడితే చెప్తావా?"

"చెప్తాను."

"కనపడకపోయినా చెప్పు. ఎదురు చూస్తా ఉంటాం."

హైదరాబాదు: ఇరవై ట్యూబులు

పదకొండు రోజులకు ఫలితాలొచ్చాయి. ట్యూబులన్నీ ఓవెన్‌లో వేడికి పెట్టి, తర్వాత ఒక్కోదాన్నీ ఒక్కో పళ్ళెంలో పెంచాను. తెరిచిన నలభైలో ఎనిమిదింట్లో మీగడరంగు మచ్చలు లేచాయి. అంచులు ముడతలు పడి, దర్జాగా. నేను కుర్చీలోంచి లేచి, ఖాళీ ల్యాబులో అటూ ఇటూ నడిచాను. పదిహేడో నంబరు బతికే ఉంది. నాలుగో అధ్యాయం బతికే ఉంది.

తర్వాత ఏది ఎక్కడిదో రాసుకుందామని కూర్చున్నాను. తూర్పు మూలవి మూడు. బాగుంది. పేడనీళ్ళ కల్లాలవి రెండు. సరే. చీమకుర్తి రాయివి రెండు. అదేమిటి అనుకున్నాను. యార్డులో నేను తుమ్మిన వాటిలో ఒకటి. అప్పుడు తెరవని ఇరవై ట్యూబుల పళ్ళేలు అలమర్లోంచి దించాను. నాలుగింట్లో అదే మచ్చ. నలభైకి ఎనిమిది, ఇరవైకి నాలుగు. లెక్కల పంతులు ఇచ్చినట్టు సరిగ్గా ఒకటే పాళ్ళు.

అది కల్లానిది కాదు. రాతిది కాదు. మాది. ఏళ్ళ తరబడి అవే ట్యూబుల్ని కడిగి, అదే పాత ఓవెన్‌లో కాలుస్తున్నాం. చచ్చేవన్నీ ఎప్పుడో చచ్చాయి. చావనిది ఒక్కటి మిగిలి, మా శుభ్రంలోనే పెరిగి, మా గాజుకు అంటుకుని కూర్చుంది. నేను దాన్ని సుబ్బమ్మగారి కల్లంలో పట్టుకున్నానని రెండేళ్ళు గొప్పలు చెప్పుకున్నాను. దాన్ని మూడుసార్లు ఆ కల్లానికి మోసుకెళ్ళింది నేను. పైగా ఆవిణ్ణి నలుగురిలో నిలబెట్టి పాడుచేశారని కేకలేసింది కూడా నేనే. అది తలుచుకుంటే అధ్యాయం పోయినందుకు వచ్చిన ఏడుపు కంటే పెద్ద సిగ్గు వచ్చింది.

గైడుగారి గది మా ల్యాబు పక్కనే. ఆ తలుపు తట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. కార్డు మాత్రం ఆ సాయంత్రమే రాశాను. మాస్టారు చదివి వినిపించాలి కాబట్టి పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను.

"సుబ్బమ్మగారికి, మీ కల్లంలో చావని క్రిమి లేదు. ఎప్పుడూ లేదు. అది మా దగ్గరిది, నేనే పట్టుకొచ్చాను. ఈ సంగతి మాస్టారు బళ్ళోనూ చర్చిలోనూ కూడా చెప్పాలి. మీ కాయ నిశ్చింతగా అమ్ముకోండి."

అంతటితో కార్డు నిండిపోయింది. మీ మీద అరిచినందుకు క్షమించమని రాయడానికి చోటు లేకపోతే, కార్డు తిప్పి పక్క అంచున సన్నగా రాశాను.